చిన్న గ్రూపుల కోసం ఇంగ్లిష్ క్లాస్‌రూమ్: గది కొలత నుంచి మొదటి నెల దాకా

ముందుగా ఒక చిన్న లెక్క. పీరియడ్ 45 నిమిషాలు, పిల్లలు 40 మంది అనుకుందాం. హాజరు, పాఠం చెప్పడం, బోర్డు మీద రాయడం కలిపి టీచరుకు 20 నిమిషాలు పోతాయి. మిగిలిన 25 నిమిషాల్లో ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే తలా 37 సెకన్లు వస్తాయి. అందులోనూ లేచి నిలబడటానికీ, బెదిరి ఆగిపోవడానికీ కొంత పోతుంది. అదే పిల్లలు నలుగురేసి చొప్పున కూర్చుని 20 నిమిషాలు మాట్లాడుకుంటే తలా 5 నిమిషాలు. అంటే ఎనిమిది రెట్లు.

లెక్కల పీరియడ్‌లో పిల్లవాడు నోరు విప్పకుండా కూడా లెక్క చేయగలడు. ఇంగ్లిష్ పీరియడ్‌లో నోరు విప్పకపోతే ఆ రోజు సగం పాఠం జరగనట్టే. అందుకే గదిలోకి తెచ్చే ప్రతి వస్తువునూ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: దీనివల్ల ఎవరో ఒకరికి ఇంకో నిమిషం ఇంగ్లిష్ మాట్లాడే వీలు దొరుకుతుందా? దొరకదంటే అది ఎంత అందంగా ఉన్నా తర్వాత చూసుకోవచ్చు. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అడుగు 1: వారం రోజులు చూడండి, రాసుకోండి

ఏదీ కొనకముందే, ఏదీ జరపకముందే చేయాల్సిన పని ఇది. గది పటం ఒకటి గీసుకుని, ప్రతి పీరియడ్‌లో ఎవరు ఇంగ్లిష్‌లో కనీసం ఒక పూర్తి వాక్యం మాట్లాడారో వాళ్లు కూర్చున్న చోట ఒక గీత పెట్టండి. వారం తర్వాత పటం చూస్తే గీతలన్నీ ముందు వరుసల్లో, మధ్య భాగంలో గుంపుగా కనిపించే అవకాశం ఎక్కువ. 1970లో ఆడమ్స్, బిడిల్ అనే పరిశోధకులు తరగతుల వీడియోలు పరిశీలించి, టీచరుతో జరిగే సంభాషణంతా దాదాపుగా ఆ ముక్కలోనే సాగుతోందని గుర్తించారు. దానికి 'యాక్షన్ జోన్' అని పేరు పెట్టారు. మీ గదిలో ఆ జోన్ ఎంత వరకు ఉందో తెలిస్తే, మూలల్లో ఎవరి గొంతు వినపడటం లేదో తెలుస్తుంది.

దాంతోపాటు, మీ క్లాసులో నిజంగా జరిగే పనులేమిటో ఒక కాగితం మీద రాయండి. ఇద్దరిద్దరు మాట్లాడుకోవడం, నలుగురు కలిసి చదవడం, ఆడియో వినడం, ఒంటరిగా రాయడం, అందరూ బోర్డు వైపు చూడటం. ఏ పని వారంలో ఎన్ని నిమిషాలు నడుస్తుందో పక్కన వేయండి. గ్రూపులంటే ఇష్టం కొద్దీ గదిని శాశ్వతంగా గ్రూపులుగా మార్చేసే తొందర కొందరిలో చూశాను. అది మంచిది కాదు. కూర్చునే పద్ధతుల మీద జరిగిన ఎనిమిది అధ్యయనాలను 2008లో వానార్కా, రూల్ అనే ఇద్దరు కలిపి పరిశీలించారు. ఎవరికి వాళ్లు చేసుకునే పనికి వరుసలే మేలని, కలిసి మాట్లాడాల్సిన పనికి దగ్గరగా కూర్చోబెట్టడం మేలని వాళ్లు తేల్చారు. వ్యాసం రాసుకుంటున్న అమ్మాయి ఎదురుగా మూడు ముఖాలు ఉంటే ఆమె వ్యాసం ముందుకు సాగదు. కాబట్టి మనకు కావాల్సింది ఒక అమరిక నుంచి ఇంకో అమరికకు త్వరగా మారగల గది.

అడుగు 2: టేపు పట్టుకుని గది కొలవండి

గళ్ల కాగితం మీద గదిని గీయండి. ఒక గడి 20 సెంటీమీటర్లు అనుకుంటే సరిపోతుంది. తలుపు, తలుపు తెరుచుకునే వైపు, కిటికీలు, స్తంభాలు, ప్లగ్ పాయింట్లు, బోర్డు, అన్నీ గుర్తించండి. బల్లల్ని అదే కొలతలో వేరే కాగితంతో కత్తిరించి, పటం మీద జరిపి చూడండి. నిజమైన బల్లల్ని పదిసార్లు ఈడ్చే బదులు కాగితం ముక్కల్ని పదిసార్లు జరపడం సులువు.

చోటు లెక్క ఇలా వేసుకోవచ్చు. నలుగురు చుట్టూ కూర్చునే 120 సెంటీమీటర్ల చదరపు బల్లకు నాలుగు వైపులా కుర్చీలకు 60 సెంటీమీటర్ల చొప్పున వదిలితే మొత్తం 2.4 మీటర్ల చదరం అవుతుంది, అంటే దాదాపు 5.8 చదరపు మీటర్లు. అలాంటివి పది పెట్టాలంటే దారులు కాకుండానే 58 చదరపు మీటర్లు కావాలి. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న గది 48 చదరపు మీటర్లే. అంటే 40 మందికి పెద్ద బల్లల దీవులు ఆ గదిలో పట్టవు. ఈ సంగతి పటం మీద తెలిస్తే మంచిది, సామాను దిగాక తెలిస్తే చాలా బాధ.

చోటు చాలనప్పుడు దారి లేకపోలేదు. ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగితే వెనక బెంచీ వాళ్లతో కలిసి ఒక గ్రూపు అయిపోతుంది. బెంచీ, డెస్కు కలిసి నేలకు బిగించి ఉన్నా ఇది కుదురుతుంది. కాళ్లు ఇటు తిప్పుకుని, రాయడానికి తలా ఒక క్లిప్పు అట్ట పట్టుకుంటే చాలు. సామాను ఏమీ మార్చలేని చోట నేను మొదటగా చెప్పేది ఇదే. ఒక్కో బెంచీలో ముగ్గురుంటే గ్రూపు ఆరుగురవుతుంది. అప్పుడు దాన్ని ముగ్గురేసి రెండు గ్రూపులుగా విడగొట్టండి. ఎందుకో తర్వాతి అడుగులో చెబుతాను.

దారుల్లో ఒక ముఖ్యమైన దారి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీ వెళ్లడానికి అంత కావాలి, అది గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు కావాలి. ఆ కుర్చీ వాడే విద్యార్థి ప్రస్తుతం మీ క్లాసులో లేకపోయినా ఈ దారి వదలండి, టీచరు ప్రతి గ్రూపు దగ్గరకూ వెళ్లగలిగేది ఆ దారినే.

అడుగు 3: గ్రూపులో ఎంతమంది?

ముగ్గురు లేదా నలుగురు. నా వరకు ఈ విషయంలో మొహమాటం లేదు.

తాడు లాగే ప్రయోగాలు చేసిన ఫ్రెంచ్ ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్‌మన్, 1913లో ఒక విషయం రాశాడు: లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుంది. మాటల్లోనూ అదే చూస్తాం. ఇంకో కోణం కూడా ఉంది. నలుగురిలో ఎదురెదురుగా మాట్లాడుకోగల జతలు 6. ఆరుగురిలో 15. అన్ని జతలూ కలవడానికి టైమ్ ఉండదు కాబట్టి ఆరుగురి గ్రూపు దానంతట అదే ముగ్గురు మాట్లాడేవాళ్లు, ముగ్గురు వినేవాళ్లుగా చీలిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక వారం జతలతో మొదలుపెట్టి, తర్వాత రెండు జతల్ని కలిపి నలుగురిని చేయండి. జతలో దాక్కోవడానికి చోటుండదు, టెన్షన్ కూడా తక్కువ, ఎందుకంటే వినేది ఒక్కరే.

అడుగు 4: చప్పుడు సంగతి ముందే చూడండి

గ్రూపు పని మానేసిన టీచర్లను ఎందుకు మానేశారని అడిగితే ఎక్కువమంది చెప్పేది క్రమశిక్షణ గురించి. కొంచెం లోతుగా అడిగితే అసలు కారణం చప్పుడు. పది గ్రూపులు ఒకేసారి మాట్లాడితే గది హోరెత్తుతుంది, పక్క క్లాసు నుంచి మాట వస్తుంది, రెండో వారానికే బెంచీలు మళ్లీ వరుసల్లోకి వెళ్లిపోతాయి. పిల్లల తప్పు ఇందులో తక్కువ. 1911లో ఎటియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ వైద్యుడు గుర్తించినట్టు, చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఒక గ్రూపు గొంతు పెంచితే పక్క గ్రూపు పెంచుతుంది, దాన్ని దాటాలని ఇంకో గ్రూపు. "నెమ్మదిగా మాట్లాడండి" అని టీచరు అరిస్తే ఆ అరుపు కూడా అందులో కలుస్తుంది.

ఇంగ్లిష్ క్లాసుకు ఇది మరీ దెబ్బ. తెలిసిన భాషలో ఒక మాట సగం వినపడినా మిగతా సగం మనం ఊహించుకుంటాం. కొత్త భాషలో ఆ ఊహ పనిచేయదు. 'ఫిఫ్టీన్'కీ 'ఫిఫ్టీ'కీ, 'కెన్'కీ 'కాంట్'కీ తేడా ఆ చివరి చిన్న శబ్దంలోనే ఉంది. హోరులో మొదట మునిగేది అదే.

కాబట్టి గదిని పరీక్షించండి. ఖాళీ గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు తోక సాగినట్టు వినపడితే గది ప్రతిధ్వనిస్తోందని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం క్లాస్‌రూమ్‌లో బయటి చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదు, ప్రతిధ్వని 0.6 సెకన్ల లోపు తగ్గిపోవాలి. గట్టి గోడలు, గట్టి నేల, ఏమీ లేని పైకప్పు ఉన్న గది ఈ కొలతకు అందడం కష్టం.

ఏం చేయాలి? మెత్తటివి తేవాలి. వెనక గోడకు దళసరి ఫెల్ట్ లేదా మెత్తటి పిన్ బోర్డు, కిటికీలకు మందపాటి కర్టెన్లు, పుస్తకాల మూలలో చాప లేదా కార్పెట్. పుస్తకాలు నింపిన అల్మరా కూడా ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఎగరకుండా అడ్డుపడుతుంది. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. అది చాలా చిన్న ఖర్చు, దాని ఫలితం మొదటి రోజే వినపడుతుంది.

అన్నిటికంటే పెద్ద ఫలితం ఇచ్చేది మాత్రం దూరం. అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపయితే నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నేను పనిచేసిన ఒక చోట గ్రూపుల కోసమని 150 సెంటీమీటర్ల గుండ్రటి బల్లలు తెప్పించారు. చూడటానికి ఎంతో బాగున్నాయి. ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాల మధ్య మాత్రం దాదాపు రెండు మీటర్లు వచ్చింది. అంత దూరం మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. నెల తిరక్కుండా ఆ గదిలో ఎవరూ గ్రూపు పని పెట్టడం లేదు. తర్వాత పిల్లల్ని బల్లకు ఒకే వైపున, దగ్గరగా, ముగ్గురేసి కూర్చోబెట్టి చూశాం. హోరు వెంటనే తగ్గింది. బల్లలు అవే, దూరం మారింది, అంతే.

అందుకని గుర్తుంచుకోవాల్సిన కొలత: మాట్లాడుకునే ముఖాల మధ్య దూరం మీటరు లోపు ఉండాలి. గ్రూపు లోపల ఎంత దగ్గరైతే అంత మంచిది, గ్రూపుకీ గ్రూపుకీ మధ్య ఎంత ఎడమైతే అంత మంచిది. 60 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు డెస్కుల్ని ఎదురెదురుగా కలిపితే 120 అవుతుంది. ఒకే డెస్కుకు అటూ ఇటూ ఇద్దరిద్దరు కూర్చుంటే 60. పుస్తకాలకు చోటు తగ్గుతుంది, నిజమే. మాట్లాడే పనికి అన్ని పుస్తకాలూ తెరిచి పెట్టుకోవాల్సిన అవసరమూ లేదు.

చివరగా, అందర్నీ ఆపడానికి అరవని సంకేతం ఒకటి పెట్టుకోండి. టీచరు చెయ్యెత్తితే చూసినవాళ్లు చెయ్యెత్తి మాట ఆపుతారు, వాళ్లను చూసి పక్కవాళ్లు. లేదా లైటు ఒకసారి ఆర్పి వేయడం. మాటతో పోటీ పడకుండా కంటికి కనిపించే సంకేతమైతే చాలు.

అడుగు 5: బల్లలు, కుర్చీలు

కొత్తవి కొనే అవకాశం ఉంటే, ఒక వైపు పొడవుగా, మిగతా మూడు వైపులూ దానిలో సగం ఉండే ట్రెపీజియం ఆకారపు బల్లలు చూడండి. పొడవు వైపు 120, మిగతావి 60 సెంటీమీటర్లు అయితే, రెండు కలిపితే సరిగ్గా షడ్భుజి అవుతుంది. విడదీస్తే ఒక్కో దానికి ఇద్దరు హాయిగా, ముగ్గురు సర్దుకుని కూర్చోవచ్చు. గోడవారగా వరుస పెడితే అర్ధచంద్రాకారం కూడా వస్తుంది. మామూలు దీర్ఘచతురస్రపు డెస్కులతో ఇవన్నీ చేయలేమని కాదు, మూలలు అడ్డం వస్తాయి.

చక్రాలున్నవి కొంటే లాక్ ఉన్న చక్రాలే కొనండి. అన్ని కాళ్లకూ చక్రాలుంటే రాసేటప్పుడు బల్ల కదులుతుంది. రెండు కాళ్లకు చక్రాలు, రెండు కాళ్లకు రబ్బరు ఉన్న రకం నాకు బాగా నచ్చింది, ఒక వైపు ఎత్తి తోసుకుపోవచ్చు.

ఎత్తు విషయంలో రాజీ పడకండి. బడి సామాను కొలతలకు ఉన్న యూరప్ ప్రమాణం ఈఎన్ 1729లో పిల్లల ఎత్తును బట్టి సైజులు, వాటికి రంగులు ఉంటాయి. ఎరుపు గుర్తున్న సైజు 4లో కుర్చీ 38, బల్ల 64 సెంటీమీటర్లు. ఆకుపచ్చ సైజు 5లో 43, 71. నీలం సైజు 6లో 46, 76. ఒకే క్లాసులో రెండు సైజులు అవసరం కావడం మామూలే. కాళ్లు నేలకు ఆనని పిల్లలు పది నిమిషాల్లో కదలడం మొదలుపెడతారు, ఆ కదలికను మనం అల్లరి అనుకుంటాం.

ఇక మారే వేగం. వరుసల నుంచి గ్రూపులకు మారడం 90 సెకన్లు దాటితే ఏ టీచరూ రోజూ ఆ పని పెట్టుకోరు. నేల మీద రంగు టేపుతో గుర్తులు వేయండి. నీలం గుర్తుల మీద కాళ్లు పెడితే గ్రూపులు, పసుపు గుర్తుల మీద పెడితే వరుసలు. ఒక్కో బల్లకు ఇద్దరు బాధ్యులు. ఎటు నుంచి ఎటు జరపాలో, బ్యాగులు ఎక్కడ పెట్టాలో కూడా ముందే చెప్పాలి. బ్యాగులు దారిలో ఉంటే ఈ ఏర్పాటంతా అక్కడే ఆగిపోతుంది, అందుకని గోడకు కొక్కేలో, గది వెనక ఒక తక్కువ ఎత్తు అరో చూడండి. పిల్లలకు టైమర్ పెట్టి నాలుగైదు సార్లు సాధన చేయిస్తే చాలు.

అడుగు 6: ప్రతి గ్రూపుకూ రాసే చోటు

బోర్డు ఒకటే ఉంటే గదికి ముందువైపు అనేది ఒకటే ఉంటుంది. ప్రతి గ్రూపుకూ రాసి తుడిచే పలక ఒకటి ఇస్తే ఎవరి ముందు వాళ్లకే బోర్డు ఉన్నట్టు. కెనడాలో గణిత బోధన మీద పరిశోధన చేసిన పీటర్ లిల్యడాల్, గోడకు నిలువుగా ఉన్న, తుడిచేయగల పలక ముందు నిలబడి పనిచేసే గ్రూపులు త్వరగా పని మొదలుపెడతాయని, ఎక్కువసేపు పట్టుదలగా చేస్తాయని గుర్తించారు. ఇంగ్లిష్‌లో కథకు ముగింపు రాయడం, పేరాలోని వాక్యాలను సరైన వరుసలో పెట్టడం లాంటి పనులకు నేను ఇదే పద్ధతి వాడతాను. తుడిచేయొచ్చు అన్న ధైర్యం స్పెల్లింగ్ భయాన్ని చాలా తగ్గిస్తుంది.

గోడ బోర్డులు కుదరకపోతే, తెల్లటి అట్టను పారదర్శక ప్లాస్టిక్ కవర్‌లో పెడితే ఏ4 సైజు పలక తయారవుతుంది. తుడవడానికి పాత బట్ట ముక్క. గ్రూపుకు ఒకే మార్కర్ ఇవ్వండి. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లు చెప్పాలి, అంటే మాట్లాడాలి. మార్కర్ ప్రతి మూడు నిమిషాలకూ చేయి మారాలి.

గోడల మీద చార్టులు అతికించే ముందు ఒక లెక్క చూసుకోండి. మూడు మీటర్ల దూరం నుంచి సులువుగా చదవాలంటే అక్షరం ఎత్తు సుమారు 2.5 సెంటీమీటర్లు ఉండాలి. ఎనిమిది మీటర్ల గది వెనక నుంచి కనిపించాలంటే ఆరేడు సెంటీమీటర్లు. మామూలు చార్టులు చాలావరకు ఈ పరీక్షలో నిలవవు. గోడ మీద పెట్టేదాన్ని చిన్న కార్డుగా చేసి బల్ల మీద పెట్టడమే మేలు.

అడుగు 7: గ్రూపు పెట్టె

నా దృష్టిలో ఈ గదికి గుండెకాయ ఇదే. బల్లలు మార్చలేని, గోడ ముట్టుకోలేని గదిలో కూడా ఇది చేయొచ్చు. గ్రూపుకు ఒకటి చొప్పున మూత ఉన్న పెట్టె, దాని మీద నంబరు. పిల్లలు లేచి తిరగకుండా కావాల్సినవన్నీ అందులో ఉండాలి.

ఏముండాలి? మాట మొదలుపెట్టే వాక్యాల కార్డు తప్పనిసరి. "ఐ థింక్... బికాజ్...", "కుడ్ యూ సే దట్ అగైన్?", "వాట్ డూ యూ మీన్ బై...?", "ఐ డోంట్ అగ్రీ, బికాజ్..." లాంటి పది వాక్యాలు, లామినేట్ చేసి, కంటి ముందు నిలబడేలా మడత పెట్టాలి. పిల్లలు గ్రూపులో మాతృభాషలోకి జారిపోతారన్నది అందరి ఫిర్యాదు. పాఠంలో ఉన్న ఇంగ్లిష్ వాళ్లకు ఎంతో కొంత వచ్చు, ఒకరిని ఆపడానికి, అడగడానికి, కాదనడానికి కావాల్సిన ఇంగ్లిష్ రాదు. అది చేతిలో పెడితే జారడం తగ్గుతుంది. కష్టమైన విషయం అర్థం చేసుకోవడానికి ఒక నిమిషం సొంత భాషలో మాట్లాడుకుంటే నేను అడ్డు చెప్పను. ఆ తర్వాత చెప్పేది మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాలి.

రెండోది, సమాచారం పంచి ఇచ్చే కార్డులు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర ఉండకూడదు. ఒకే బొమ్మకు రెండు రూపాలు, ఎనిమిది తేడాలతో. ఒకే టైమ్‌టేబుల్‌లో ఒకరి కార్డులో కొన్ని గడులు ఖాళీ, ఇంకొకరి కార్డులో వేరేవి ఖాళీ. కార్డు చూపించకుండా అడిగి నింపాలి. ఇలాంటి పని లేకపోతే నలుగుర్నీ దగ్గర కూర్చోబెట్టినా మాట్లాడాల్సిన అవసరమే రాదు. తెలివైన పిల్ల ఒక్కతే చేసేస్తుంది, మిగతా ముగ్గురూ చూసి రాసుకుంటారు.

ఇదే ఆలోచనను పెద్దది చేస్తే జిగ్‌సా పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో సామాజిక మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్‌సన్ దీన్ని మొదలుపెట్టారు. వేర్వేరు జాతుల పిల్లలు అప్పుడే ఒకే తరగతిలోకి వచ్చిన రోజులవి, గదుల్లో పోటీ, పగ ఎక్కువగా ఉండేవి. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక ముక్క ఇస్తే, పక్కవాళ్ల మాట వినకుండా ఎవరికీ పాఠం పూర్తి కాదు. మీ గదిలో చేయడానికి పెట్టెలో నాలుగు రంగుల కార్డులుండాలి. ఎరుపు కార్డు ఉన్నవాళ్లందరూ ఒకే పేరా చదువుతారు. మొదట ఒకే రంగు వాళ్లు కూర్చుని తమ పేరాను అర్థం చేసుకుంటారు, 40 మందికి ఒక్కో రంగులో పదిమంది వస్తారు కాబట్టి వాళ్లు మళ్లీ మూడు చిన్న గుంపులు. తర్వాత తమ నంబరు పెట్టె దగ్గరకు తిరిగొచ్చి మిగతావాళ్లకు కాగితం చూడకుండా చెబుతారు. రంగు, నంబరు రెండూ కార్డు మీదే ఉంటే "ఎవరెక్కడికి వెళ్లాలి" అన్న గందరగోళం ఉండదు.

ఇంకా పెట్టెలో: ఒక లెర్నర్స్ డిక్షనరీ, రెండు పెన్సిళ్లు, ఖాళీ చీటీలు, పలక, బట్ట, మాట్లాడే బిళ్లలు. బిళ్లల వాడకం ఇలా ఉంటుంది. తలా మూడు ఇస్తాం, మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టాలి, అయిపోయినవాళ్లు మిగతావాళ్ల బిళ్లలు అయ్యేదాకా వినాలి. దీన్ని వారానికి ఒకసారికి మించి వాడకండి, సహజంగా సాగే మాటను కూడా అది ఆపుతుంది. పీరియడ్ చివరి రెండు నిమిషాలు పెట్టె సర్దడానికి. మూత లోపలి వైపు ఏమేం ఉండాలో జాబితా అతికిస్తే పిల్లలే చూసుకుంటారు.

అడుగు 8: పుస్తకాలు

ఒకే పుస్తకం 40 ప్రతులు కొనే బదులు, పది పుస్తకాలు నాలుగేసి ప్రతులు కొనండి. ఖర్చు దాదాపు అంతే, ప్రతి గ్రూపుకూ తన స్థాయి పుస్తకం దొరుకుతుంది. స్థాయి ఎలా తెలుసుకోవాలి? 2000లో హూ, నేషన్ చేసిన అధ్యయనం ప్రకారం సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పాఠంలో 98 శాతం పదాలు తెలిసి ఉండాలి. అంటే 50 పదాలకు ఒక్క కొత్త పదం. పిల్లవాడి చేత వంద పదాల ముక్క చదివించండి. తెలియనివి రెండు మూడుకు మించితే, అది టీచరుతో కలిసి చదవాల్సిన పుస్తకం, గ్రూపుకు వదిలేసేది కాదు. తక్కువ పదాలతో, స్థాయిల వారీగా రాసిన గ్రేడెడ్ రీడర్లు ఇందుకే ఉన్నాయి. అరలో పుస్తకాల వీపులు కాకుండా అట్టలు కనిపించేలా పెట్టండి.

అడుగు 9: కరెంటు సామాను

ఇక్కడ తక్కువ చాలు. వినే పనికి గ్రూపుకు ఒక ప్లేయర్ లేదా పాత ఫోన్, ఒకే ఫోన్ నుంచి నలుగురు వినేలా హెడ్‌ఫోన్ స్ప్లిటర్, వైరున్న హెడ్‌ఫోన్లు. వైర్‌లెస్‌వి ఛార్జింగ్ అయిపోయి సరిగ్గా పాఠం మధ్యలో ఆగిపోతాయి. స్పీకర్లు వద్దు, నాలుగు గ్రూపులు నాలుగు స్పీకర్లు పెడితే నాలుగో అడుగులో పడిన శ్రమంతా పోతుంది. నేల మీద వైరు అడ్డంగా పోకూడదు. తప్పకపోతే దాని పొడవునా టేపు వేయాలి.

ఆ ఫోన్‌తోనే చేయదగ్గ మంచి పని రికార్డింగ్. గ్రూపు తమ మాటల్ని రెండు నిమిషాలు రికార్డు చేసుకుని, విని, కాగితం మీద రాసి, తమ తప్పులు తామే దిద్దుకుంటుంది. పని అయ్యాక రికార్డింగ్ చెరిపేయాలి, ముందే పిల్లల అనుమతి, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.

అడుగు 10: టీచరు ఎక్కడ?

ముందున్న పెద్ద టేబుల్‌ని గోడవారకు జరిపేయండి. దానివల్ల ఒక గ్రూపుకు చోటు దొరుకుతుంది. టీచరుకు తేలికైన ఒక స్టూలు చాలు. నిలబడి పైనుంచి వింటే పిల్లలు ఆగిపోతారు, పక్కన కూర్చుని వింటే కొనసాగిస్తారు. స్టూలు వేసుకున్న చోట వీపు గోడ వైపు, చూపు గది మొత్తం మీద ఉండాలి. చేతిలో చిన్న నోట్‌బుక్. విన్న తప్పులు, బాగున్న వాక్యాలు రెండూ రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టండి.

"ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకోవా?" అని తోటి టీచర్లు, తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. 1985లో మైకేల్ లాంగ్, పట్రీషియా పోర్టర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. నేర్చుకునేవాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు చేసే తప్పులు, ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పటి కంటే ఎక్కువేమీ కాదని, మాట్లాడటం మాత్రం బాగా పెరుగుతుందని వాళ్లు రాశారు. అడిగినవాళ్లకు నేను ఇదే చెబుతాను, ఆ తర్వాత క్లాసుకు వచ్చి ఒక గ్రూపు పక్కన కూర్చోమంటాను.

వినికిడి తక్కువున్న పిల్లలుంటే వాళ్ల గ్రూపును చప్పుడు తక్కువున్న మూలకు, అందరి పెదవులూ కనిపించేలా, కిటికీ వెలుగు మాట్లాడేవాళ్ల ముఖం మీద పడేలా కూర్చోబెట్టాలి. ఆ మూల మాట్లాడటానికి బాగా భయపడే పిల్లలకూ పనికొస్తుంది.

అడుగు 11: మొదటి నెల

మొదటి వారం పాఠం ఏమీ వద్దు, బల్లలు మార్చడం, చెయ్యెత్తే సంకేతం, పెట్టె సర్దడం మాత్రమే, రోజుకు పది నిమిషాలు. రెండో వారం జతలు, ఐదు నిమిషాల పని. మూడో వారం నలుగురు, ఒకే ఒక్క సమాచార కార్డుల పని. జిగ్‌సా లాంటిది నాలుగో వారం దాకా ముట్టుకోకండి. గ్రూపులు రెండు వారాలకోసారి మార్చండి, చీటీలు తీసి. ఎవరెవరితో కూర్చోవాలో టీచరు ప్రతిసారీ ఎంచితే, తమను ఏ లెక్కన పెట్టారోనని పిల్లలు ఆలోచిస్తూ కూర్చుంటారు.

నెల అయ్యాక మొదటి అడుగులో గీసిన పటం తీసి, మళ్లీ వారం రోజులు అదే లెక్క పెట్టండి. ఈసారి గ్రూపుల పక్కన స్టూలు వేసుకుని వింటూ గీతలు పెట్టాలి. రెండు పటాలు పక్కపక్కన పెట్టి, ఇప్పటికీ గీత లేని పేర్లు చూడండి. నాకు ఒకసారి అలా మూడు పేర్లు మిగిలాయి, ముగ్గురూ ఫ్యాను కింద కూర్చునేవాళ్లు. వాళ్ల గ్రూపులను అక్కడి నుంచి జరిపిన మర్నాడు, ఆ ముగ్గురిలో ఒకమ్మాయి తన కార్డును గుండెకు ఆనించి పట్టుకుని ఎదుటి పిల్లను "వాట్ టైమ్ డజ్ ఇట్ లీవ్?" అని అడగడం విన్నాను.